స్పీడుగా పాడితే గొప్ప ర్యాపరేనా? నాకు ఇష్టమైనవాళ్లు, ఎందుకిష్టమో

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మీకు ఇష్టమైన ర్యాపర్లు ఎవరు? వాళ్లలో గొప్ప ఏముంది? మా దోస్తులు ఎంత స్పీడుగా చెప్తే అంత గొప్ప అంటున్నారు. ఇంకోటి, మన పాలమూరు యాసలో రాస్తే జనం నవ్వుతారా?"

తమ్మీ, నేను నల్గొండలో చిన్న రికార్డింగ్ రూమ్ నడుపుతా. బతుకమ్మ పాటలు, జానపదాలు, జాతర పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు, అన్నీ రికార్డు చేస్తా. ఈ మధ్య వాటికన్నా ఎక్కువగా ర్యాప్ రాసుకొని వచ్చే పిల్లలే కనిపిస్తున్నారు. దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, జడ్చర్ల నుంచి కూడా వస్తారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వాళ్ల గొంతులు వింటూ కూర్చోవడమే నా పని. కాబట్టి అవార్డులు, వ్యూస్ పక్కన పెట్టి, చెవికి ఏం వినిపిస్తుందో అదే చెప్తా. నా లెక్కలో గొప్ప ర్యాపర్ అంటే తాను పుట్టి పెరిగిన చోటు మాటను, ఆ మాటకున్న సహజమైన నడక చెడకుండా, తాళంలో కూర్చోబెట్టినవాడు. స్పీడు, ప్రాస, గొంతు, కథ, అన్నీ దాని తర్వాతే.

ముందు స్పీడు సంగతి తేల్చుకుందాం. ఎమినెమ్ 2013లో చేసిన 'ర్యాప్ గాడ్' పాటలో 6 నిమిషాల 4 సెకన్లలో 1,560 మాటలున్నాయని గిన్నిస్ రికార్డు ఉంది. మీ దోస్తులు చెప్పేది ఆ పాట గురించే అయి ఉంటుంది. నాకూ ఎమినెమ్ అంటే చాలా ఇష్టం. కానీ ఆ పాటను సగం స్పీడుకు తగ్గించి విను. అప్పుడు కూడా ప్రతి అక్షరం దాని చోటులోనే ఉంటుంది, ఒక్క హల్లు కూడా నమిలినట్టు ఉండదు. ఆయన బలం అక్కడుంది. రెండో బలం ప్రాస. ఆరెంజ్ అనే మాటకు ఇంగ్లిష్‌లో ప్రాస దొరకదని అందరూ అంటారు. 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆయన ఆ మాటను కొద్దిగా వంచి పలికి, డోర్ హింజ్, స్టోరేజ్, పోరిడ్జ్ అంటూ వరసపెట్టి కలుపుకుంటూ పోయాడు. పలకడంలో అచ్చులను అటూ ఇటూ జరిపి, కలవని మాటలను కలుపుతాడు. 'లూజ్ యువర్‌సెల్ఫ్'కు 2003లో ఆస్కార్ వచ్చింది, ర్యాప్ పాటకు ఉత్తమ పాట ఆస్కార్ రావడం అదే మొదటిసారి. ఆ పాట పెద్ద స్పీడేం కాదు. దాంట్లో ఉన్నది టెన్షన్. స్టేజీ ఎక్కే ముందు చేతులు చెమట పట్టిన కుర్రవాడి టెన్షన్ ఆ మాటల బరువులోనే వినిపిస్తుంది.

నా దగ్గరికి వచ్చే పిల్లలు స్పీడుగా చెప్పినప్పుడు మొదట పోయేవి ఒత్తులు. తెలుగులో ఒత్తు పోతే అర్థం పోతుంది, దీర్ఘం పోయినా అంతే. ఇంగ్లిష్‌లో అచ్చును సాగదీసినా కుదించినా చాలాసార్లు మాట బతుకుతుంది. మనకు 'పాలు' 'పలు' అయితే ఇక మిగిలేదేం లేదు. అందుకే తెలుగులో స్పీడు చాలా ఖరీదైన వ్యవహారం. నువ్వు రాసింది వినేవాడికి మొదటిసారే అర్థమయ్యే స్పీడు ఎంతో, నీకు అంతవరకే హక్కుంది.

ఊపిరి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. ర్యాప్‌లో ఒక వర్స్ అంటే మామూలుగా 16 బార్లు. బారుకు 4 దెబ్బలు. బీట్ నిమిషానికి 90 దెబ్బల మీద నడుస్తుంటే 16 బార్లు దాదాపు 43 సెకన్లు. ఆ 43 సెకన్లలో నువ్వు ఎక్కడ గాలి పీల్చుకుంటావు? ఇంట్లో ఫోన్లో రికార్డు చేసుకొనే పిల్లలు ఒక్కో లైను విడిగా చెప్పి అతికిస్తారు. వినడానికి బాగుంటుంది. కాలేజీ ఫంక్షన్‌లో మైకు పట్టుకుంటే మూడో లైనుకే ఆయాసం. మంచి ర్యాపర్ ఊపిరిని కూడా రాసుకుంటాడు. ఏ మాట తర్వాత ఖాళీ రావాలో ముందే తెలుసుకొని, ఆ ఖాళీ కూడా తాళంలో భాగమయ్యేలా చూసుకుంటాడు. మన బతుకమ్మ చూడు. ఒకామె లైను అందుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతూ 'ఉయ్యాలో' అంటారు. ఆ ఒక్క మాట పలికేలోపు ఆమెకు ఊపిరి అందుతుంది, తర్వాతి లైను గుర్తుకొస్తుంది. ఒగ్గు కథలో వంత పాడేవాళ్లు చేసేదీ అదే. అమెరికాలో ర్యాపర్ పక్కన నిలబడి లైను చివరి మాటను అందుకొనే ఇంకో మనిషి ఉంటాడు, అతని పనీ అదే. ఊపిరి కష్టం అందరికీ ఒకటే, దాన్ని దాటే దారులు కూడా ఎక్కడికక్కడ తయారయ్యాయి.

ఇక పేర్లలోకి వస్తా.

నా లిస్టులో మొదటి పేరు రకీమ్. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ మనిషి. ఎరిక్ బి అనే డీజేతో కలిసి 1987లో 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బమ్ తెచ్చాడు. ర్యాప్‌కు తల్లివేరైన హిప్‌హాప్ 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, కూల్ హెర్క్ అనే డీజే తన చెల్లెలి కోసం బీట్లు వేసిన పార్టీలో పుట్టిందని చెప్తారు. అప్పట్లో మైకు పట్టుకున్నవాడి పని జనానికి జోష్ ఎక్కించడం. అందుకే తొలిరోజుల ర్యాప్‌లో అరుపు ఎక్కువ, ప్రాస లైను చివర మాత్రమే పడేది. రకీమ్ వచ్చి గొంతు పెంచకుండా, ఎదురుగా కూర్చొని మాట్లాడినట్టు చెప్పాడు. మొదటి పాట రికార్డింగ్‌లో కొంచెం జోష్‌గా చెప్పమని స్టూడియోలో ఉన్నవాళ్లు అడిగారట. ఆయన మారలేదు. చిన్నప్పుడు శాక్సాఫోన్ వాయించేవాడు, జాన్ కోల్ట్రేన్ జాజ్ సంగీతమంటే ప్రాణం. ఆ వాయిద్యం లైను చివర ఆగదు కదా, తాళం గీత దాటుకొని పోయి ఎక్కడో మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. ఈయన మాటలు కూడా అంతే. వాక్యం ఒక బారు మధ్యలో మొదలై తర్వాతి బారు మధ్యలో అయిపోతుంది, ప్రాసలు లోపల లోపల తగులుతుంటాయి. నేను ఇప్పటికీ ఏ కుర్రవాడు వచ్చినా ముందు రకీమ్‌నే వినిపిస్తా. ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, వేలితో బల్ల మీద దెబ్బ వేస్తూ వింటే చాలు, మాట దెబ్బ మీద ఎప్పుడు పడుతోందో, ఎప్పుడు దెబ్బను తప్పించుకొని వెనక వస్తోందో తెలిసిపోతుంది.

రెండో పేరు నొటోరియస్ బిఐజి, అందరూ బిగ్గీ అంటారు. బ్రూక్లిన్. 1994లో మొదటి ఆల్బమ్, 1997 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో కాల్చి చంపారు, అప్పటికి వయసు 24. కాగితం మీద రాసుకోకుండా మనసులోనే కట్టుకొని వచ్చి మైకు ముందు చెప్పేవాడని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్తారు. ఆయన ఇంటి దగ్గరే డొనాల్డ్ హ్యారిసన్ అనే జాజ్ శాక్సాఫోన్ కళాకారుడు ఉండేవాడు. కుర్రవాడైన బిగ్గీకి మ్యాక్స్ రోచ్ డ్రమ్స్ వినిపించి, ఆ దెబ్బల్లో మాట ఎలా నడుస్తుందో చూపించేవాడు. అంత పెద్ద శరీరం, బరువైన గొంతు, కానీ మాట మాత్రం డప్పు మీద కర్ర ఆడినంత తేలిగ్గా ఆడుతుంది.

బిగ్గీలో నాకు ఇంకా నచ్చేది పాత్రలు. 'గిమ్మీ ది లూట్'లో ఇద్దరు దొంగలు మాట్లాడుకుంటారు, రెండు గొంతులూ ఆయనవే. 'వార్నింగ్'లో తెల్లవారుజామున పేజర్ మోగుతుంది, తర్వాత ఫోన్‌లో మాట్లాడుకునే అవతలివాడు, ఇవతలివాడు ఇద్దరూ ఆయనే. ఒగ్గు కథ చూస్తూ పెరిగినవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే మనిషి మల్లన్న అవుతాడు, మరుక్షణం భుజం మీది కండువా తలమీద కప్పుకొని ఆడమనిషి అవుతాడు, గొంతు మారుతుంది, నడక మారుతుంది, డోలు మాత్రం ఆగదు. మన పిల్లలు ర్యాప్ అంటే 'నేను, నేను' అని సాగాలనుకుంటారు. ఒక లైను నువ్వు, ఒక లైను కండక్టర్, ఒక లైను సీటు కోసం కొట్లాడే అవ్వ, ఇలా రాసి చూడు. దేవరకొండ బస్సులో ఒక్క పూట తిరిగితే కావలసినన్ని గొంతులు దొరుకుతాయి.

బిగ్గీ, టుపాక్, ఇంకా చాలామంది పాటల్లో తుపాకులు, ఆడవాళ్లను కించపరిచే మాటలు ఉన్నాయి. కళ బాగుందని వాటిని నేను వెనకేసుకురాను. అలాంటి పాటలు నా రూమ్‌లో పిల్లలకు పెట్టను, వాటిని తెలుగులోకి దించుకొచ్చిన లైన్లు రికార్డు చేయను. టుపాక్‌ను వినాలనుకుంటే తల్లి మీద 1995లో చెప్పిన 'డియర్ మామా' విను. ఆమె నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ ఉద్యమంలో పనిచేసిన మనిషి, తర్వాత డ్రగ్స్‌కు అలవాటు పడింది. కొడుకు ఏదీ దాచడు. ఆమె తప్పునూ చెప్తాడు, ఆమెకు రుణపడి ఉన్నాననీ చెప్తాడు. ఆ పాటను అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది.

న్యాస్ గురించి ఒక్క మాట. 1994లో 'ఇల్‌మాటిక్' వచ్చినప్పుడు ఆయనకు 20 ఏళ్లు. ఆల్బమ్ మొత్తం 40 నిమిషాలు కూడా ఉండదు. క్వీన్స్‌బ్రిడ్జ్ అనే ప్రభుత్వ గృహ సముదాయం, కిటికీలోంచి కనిపించే వీధి, మెట్ల మీద కూర్చున్న మనుషులు, అంతే. కానీ ఆ మెట్లు నీ కళ్ల ముందుంటాయి. 'బీదరికం', 'అన్యాయం' అని పెద్ద మాటలు వాడడు, వస్తువు పేరు చెప్తాడు. మన దగ్గర ఇది అందరికన్నా బాగా తెలిసిన మనిషి గోరటి వెంకన్న. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం ఆయన ఊరు, 'వల్లంకి తాళం'కు 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పల్లె కన్నీళ్ల మీద ఆయన రాసిన పాట వినని తెలంగాణ మనిషి ఉండడు. పల్లె నాశనమైందని ఊరికే అనడు, కుమ్మరి వాములో తుమ్మ చెట్లు మొలిచాయంటాడు. నువ్వు నీ నోటుబుక్కులో పెద్ద మాటలన్నీ గీత గీసి కొట్టేసి, ప్రతి దాని చోట ఒక వస్తువు పేరు రాయి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన యాస సంగతి. దీని మీద నాకు చెప్పాల్సింది ఎక్కువుంది.

1995 ఆగస్టులో న్యూయార్క్‌లో సోర్స్ అనే హిప్‌హాప్ పత్రిక అవార్డుల ఫంక్షన్ జరిగింది. అప్పటికి హిప్‌హాప్ అంటే న్యూయార్క్, కాదంటే లాస్ ఏంజెలిస్. దక్షిణాది రాష్ట్రాల నుంచి ఎవరైనా వస్తే ఆ సాగదీసే యాసకు నవ్వేవాళ్లు. ఆ రోజు కొత్త గ్రూపు అవార్డు అట్లాంటా నుంచి వచ్చిన అవుట్‌కాస్ట్‌కు ఇచ్చారు. ఇద్దరు కుర్రవాళ్లు, ఆండ్రే 3000, బిగ్ బాయ్. స్టేజీ ఎక్కితే హాల్లో జనం గేలి చేశారు. ఆండ్రే మైకు తీసుకొని, దక్షిణానికి చెప్పుకోవడానికి ఒక మాటుంది అన్నాడు. అంతే, పెద్ద ఉపన్యాసం ఏం లేదు. ఆ తర్వాత వాళ్లు యాస మార్చుకోలేదు, ఇంకా చిక్కగా చేశారు. దానికి తమ ఊరి చర్చి పాట, ఫంక్ గిటార్ కలిపారు. 2004లో గ్రామీలో ఏడాది ఉత్తమ ఆల్బమ్ అవార్డు వాళ్లదే. ఆ తర్వాత అమెరికా ర్యాప్ మొత్తానికి అట్లాంటానే కేంద్రమైంది.

ఈ కథ మన కథే తమ్మీ. చాలా ఏళ్లు సినిమాల్లో మన యాస విలన్‌కో, కమెడియన్‌కో ఇచ్చారు. రేడియోలో, పుస్తకంలో, స్కూల్లో ఇంకో భాష. ఇంట్లో 'గట్లనా' అన్న పిల్లవాడు క్లాసులో 'అలాగా' అనాలి. ఆ భయం ఇంకా పోలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు చాయ్ తాగుతూ ఎంత చక్కగా మాట్లాడతారో! మైకు ముందు నిలబడగానే గొంతులోకి ఎవరో టీవీ యాంకర్ వచ్చి కూర్చుంటాడు. 'నేను చేస్తున్నాను', 'నీవు చూస్తున్నావు' అంటారు. నేను రికార్డింగ్ ఆపి, ఇందాక బయట చాయ్ కాడ ఎట్ల చెప్పినవో అట్ల చెప్పు అంటా.

ఇది అభిమానంతో మాత్రమే చెప్పడం లేదు, తాళం లెక్క కూడా ఉంది. 'చేస్తున్నాడు' అంటే మూడు గురువులు, ఒక లఘువు, మొత్తం 7 మాత్రలు. 'చేస్తుండు' అంటే 5 మాత్రలే. నాలుగు దెబ్బల బారులో ఆ రెండు మాత్రలు మిగిలితే ఇంకో చిన్న మాట పడుతుంది, లేదా ఊపిరి పడుతుంది. 'వస్తున్నావా' ఎక్కడ, 'అస్తున్నవా' ఎక్కడ! మన నోట్లో దీర్ఘాలు చాలా చోట్ల పొట్టిగా తెగుతాయి, మాట చివర టక్కున ఆగుతుంది. డప్పు దెబ్బకు అదే కావాలి. మన యాస ర్యాప్‌కు పనికొస్తుందా అని అడిగావు కదా, బీటు మీద పెట్టి చూస్తే పుస్తక భాష కన్నా ముందు నిలబడేది అదే. కాకపోతే నీది ఏ యాసో అదే రాయి. నారాయణపేట దిక్కు మాట్లాడినట్టు గద్వాలలో మాట్లాడరు, సూర్యాపేటలో మాట్లాడినట్టు అచ్చంపేటలో మాట్లాడరు. టీవీ సీరియల్ రాసేవాళ్లు 'గీ, గా, గిట్ల' నాలుగు చల్లి తెలంగాణ యాస అంటారు, అది మన ఇంట్లో ఎవరి నోటా రాదు. జనం నవ్వేది ఆ అతికించిన యాసకు. మీ నాయనమ్మ మాట్లాడినట్టు మాట్లాడితే ఎవరూ నవ్వరు.

తెలుగుకు ఒక ఇబ్బంది ఉంది, అది కూడా తెలుసుకో. మన మాటలన్నీ దాదాపు అచ్చుతో అయిపోతాయి, పైగా క్రియ వాక్యం చివర వస్తుంది. కాబట్టి లైను చివర ప్రాస ఊరికే దొరుకుతుంది. మిర్యాలగూడ దిక్కు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మొదట ఇలా రాసుకొచ్చాడు:

పొద్దుగాల లేచిన, బస్టాండుకు వచ్చిన,
చాయ్ ఒకటి తాగిన, నీ కోసం చూసిన.

నాలుగు చోట్లా ఒకటే ముక్క. అది ప్రాస కాదు, వ్యాకరణం. ఎవరు రాసినా అలాగే వస్తుంది, చెవికి ఏ ఆశ్చర్యమూ ఉండదు. నాయన ఏం చేస్తాడని అడిగితే రైస్ మిల్లులో హమాలీ అన్నాడు. ఆ సంగతి రాయమన్నా. రాయడానికి సిగ్గుపడ్డాడు, అయినా తర్వాతి వారం ఇది తెచ్చాడు:

మిల్లు కాడ తౌడు దుమ్ము, ఒళ్లు నిండ చెమట,
ఇల్లు చేరే యాళ్లకు మాకు కళ్లు మూతపడెనంట,
నిద్రల ఇన్న చెప్పుల సప్పుడే మాకు నాయన పాట.

మిల్లు, ఒళ్లు, ఇల్లు, కళ్లు. ప్రాస లైను మొదట్లోకి, మధ్యలోకి పాకింది. లైను చివర చెమట, మూతపడెనంట, పాట, మూడూ మూడు రకాల మాటలు. చెప్పుల, సప్పుడు అనే రెండూ ఎంత దగ్గరగా తగులుతున్నాయో చూడు. అతనికి ఛందస్సు తెలియదు. కానీ మన పద్యంలో లైను లైనుకూ రెండో అక్షరం కలవాలన్న ప్రాస నియమం వందల ఏళ్లుగా ఉంది. లైను చివర ప్రాస సులభంగా దొరికే భాష కాబట్టి, కష్టాన్ని లైను మొదటికి జరిపారేమో అనిపిస్తుంది నాకు. నువ్వు డిగ్రీలో తెలుగు పేపర్ రాసే ఉంటావు, యతిప్రాసల పాఠం మళ్లీ తెరువు. ర్యాపర్‌కు పనికొచ్చే పాఠం సిలబస్‌లో అదొక్కటైనా ఉంది.

కెండ్రిక్ లమార్ గురించి అడగకుండానే అందరూ చెప్తారు, కాబట్టి అవార్డుల దగ్గర ఆగను. 'డ్యామ్' ఆల్బమ్‌కు 2018లో పులిట్జర్ వచ్చింది, క్లాసికల్, జాజ్ కాని సంగీతానికి ఆ బహుమతి రావడం అదే తొలిసారి. నేను చెప్పేది 2012 ఆల్బమ్‌లోని 'సింగ్ అబౌట్ మీ' గురించి. మొదటి వర్స్‌లో లాస్ ఏంజెలిస్ పక్కనున్న కాంప్టన్ కుర్రవాడొకడు మాట్లాడుతుంటాడు. నీ ఆల్బమ్ వచ్చేలోపు నేను చనిపోతే, అంటూ ఏదో కోరుకోబోతాడు. వాక్యం పూర్తి కాదు, తుపాకీ మోత, గొంతు ఆగిపోతుంది. బీటు మాత్రం అలాగే నడుస్తుంది. రెండో వర్స్‌లో ఒక అమ్మాయి నేను ఎక్కడికీ మాయం కాను అని వాదిస్తూ ఉంటుంది, ఆమె అలా వాదిస్తుండగానే సౌండ్ తగ్గుతూ తగ్గుతూ పోతుంది. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది, మనకే వినిపించదు. చావు గురించి ఒక్క పెద్ద మాట లేదు. ఏం చెప్పాలో అది మిక్సింగ్ బోర్డు మీద ఒక ఫేడర్‌తో, అంటే సౌండ్ పెంచే తగ్గించే మీటతో చెప్పాడు. రోజూ అదే ఫేడర్ మీద వేలు పెట్టుకొని కూర్చొనే నాకు, ఆ పాట విన్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

లారిన్ హిల్ పేరు చెప్పకపోతే ఈ లిస్టుకు అర్థం లేదు. 1998లో ఒకే ఒక్క సోలో స్టూడియో ఆల్బమ్. 1999లో ఒకే రాత్రి 5 గ్రామీలు, ఏడాది ఉత్తమ ఆల్బమ్ అవార్డు అందుకున్న తొలి హిప్‌హాప్ ఆల్బమ్ అదే. ఒక లైను ర్యాప్, మరుసటి లైను పాట, మధ్యలో అతుకు కనపడదు. మన ఆడపిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. బోనాల పాటలో, నాట్లేసేటప్పుడు పాడే పాటలో, మాటా పాటా అలాగే కలిసిపోయి ఉంటాయి. అయినా నా రూమ్‌కు ర్యాప్ రాసుకొని వచ్చే అమ్మాయిలు చాలా తక్కువ. వచ్చినవాళ్లు కూడా అన్ననో తమ్ముడినో తోడు తెచ్చుకొని, వీడియోలో మొహం వద్దంటారు. ఇది నన్ను బాధపెట్టే విషయం. మీ కాలేజీలో రాసే అమ్మాయి ఉంటే మైకు ముందు ఆమెకివ్వండి.

మన దేశంలోకి వస్తే, నా మనసులో మొదటి పేరు అరివు. తమిళనాడు అరక్కోణం మనిషి. 2021లో 'ఎంజాయ్ ఎంజామి' మీ అందరి ఫోన్లలోనూ మోగింది. దాంట్లో ఉన్నది ఆయన ఇంటి పెద్దావిడ వల్లియమ్మాళ్ తరం కథ: శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చిన భూమిలేని మనుషులు. చావు దగ్గర పాడే ఒప్పారి బాణీ పాటలోకి వస్తుంది, అయినా జనం డాన్సు చేస్తారు. పాలమూరు వాళ్లకు ఈ పాటను వేరే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పాలమూరు లేబర్ కట్టని డ్యామ్, తవ్వని కాలువ ఉందా? ముసలివాళ్లను, చంటిపిల్లలను ఊళ్లో వదిలి ముంబైకి, పుణెకు బస్సెక్కిన ఇళ్లు మీ చుట్టూ ఎన్ని లేవు? ఆ బస్సు మీద ఒక పెద్ద ర్యాప్ పాట ఇంకా రావాల్సి ఉందని నేను గట్టిగా నమ్ముతా. అది హైదరాబాద్‌లో కూర్చొని రాస్తే రాదు.

ముంబైలో నేజీ 2014లో 'ఆఫత్' పాటను ఐప్యాడ్‌తోనే రికార్డు చేసి, దాంతోనే వీడియో తీశాడు. మరుసటి ఏడాది డివైన్‌తో కలిసి చేసిన పాటతో ముంబై గల్లీ భాష దేశమంతా వినిపించింది. మన హైదరాబాద్‌లో రోల్ రైడా, నోయెల్ తెలుగులో దారి వేశారు. రుహాన్ అర్షద్ దక్కనీ ఉర్దూలో చెప్పిన 'మియా భాయ్' పాతబస్తీ పిల్లల నోట్లో ఆడింది. పాలమూరులో, నల్గొండలో దక్కనీ మాట్లాడే దోస్తులు మీకుంటారు. ఒకరు తెలుగులో, ఒకరు దక్కనీలో ఒకే బీటు మీద చెప్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి, మన బజారులో బేరం రోజూ అలాగే నడుస్తుంది.

ఇంకొక్క మనిషిని కూడా నేను నా ర్యాపర్ల లిస్టులోనే రాసుకుంటా: కిన్నెర మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. 2022లో పద్మశ్రీ వచ్చింది. భుజాన పన్నెండు మెట్ల కిన్నెర, నోట పండుగ సాయన్న కథ. రాగం తీస్తున్నాడనుకునేలోపు మాటలోకి దిగుతాడు, మాట అనుకుంటే మళ్లీ కిన్నెర అందుకుంటుంది. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన మనిషి కథను ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి చెప్పుకొచ్చినవాళ్లు, బ్రాంక్స్ పార్టీ గురించి వినే అవసరం లేకుండానే ఆ పని చేశారు. అమెరికా వాళ్ల కన్నా మనమే ముందు అని జబ్బలు చరుచుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. ర్యాప్ ఆ నల్లజాతి పిల్లల కష్టంలో పుట్టింది, ఆ గౌరవం వాళ్లదే. నీ యాసకు నవ్వుతారేమోనని భయపడుతున్నావు కాబట్టి, మీ పాలమూరు దిక్కు మనిషే ఒకాయన ఆ యాసతోనే రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లాడని గుర్తు చేస్తున్నా.

ఒక్క పేరే చెప్పమంటే రకీమ్ పేరే చెప్తా. మిగతావాళ్లందరిలో ఆయన నడక ఎంతో కొంత ఉంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ముందు రకీమ్, తర్వాత బిగ్గీ 'వార్నింగ్', తర్వాత కెండ్రిక్ పాట, చివర మొగులయ్య, ఈ వరసలో విను. ఒకే రోజు అన్నీ వద్దు. తర్వాత యూట్యూబ్‌లో నిమిషానికి 85, 90 దెబ్బల మధ్య నడిచే మామూలు బీటు ఒకటి తీసుకో, కింద పెద్దగా వాయిద్యాలు లేనిది. 16 లైన్లు రాయి. నీ గురించి గొప్ప ఒక్కటి కూడా వద్దు, మీ ఇంట్లో ఒక మనిషి గురించి రాయి. లైను చివర 'ఇన', 'ఉండు' వరసగా రెండుసార్లు వస్తే కొట్టేసి మళ్లీ రాయి. కాగితం మీద ఎక్కడ ఊపిరి తీసుకుంటావో అక్కడ చిన్న గీత పెట్టు. కాగితం చూడకుండా వచ్చేదాకా బీటు లేకుండా చెప్పుకో, చేతితో తొడ మీద తాళం మాత్రం వేసుకో. అప్పుడు ఫోన్లో, మధ్యలో ఆపకుండా, ఒకే టేకులో రికార్డు చేసి నాకు పంపు. ఎఫెక్టులు, ఆటోట్యూన్ ఏమీ పెట్టకు. ఏ లైనులో గాలి అందలేదో, ఏ మాట దగ్గర నీ గొంతు మారిపోయిందో విని, లైను లైనుకూ రాసి పంపిస్తా.